గుడ్డు మీద బొగ్గు గీత

గవరపాలెం, అనకాపల్లి
12 జూన్ 2023

బిందు వదినకు,

ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఈ డబ్బాలో మూడు వందల పన్నెండు స్లైడ్లు ఉన్నాయి. పోస్టాఫీసు కౌంటరులో అమ్మాయి లోపల ఏముందని అడిగితే కోడిపిల్లల నాలుకలు అన్నాను. ఆవిడ నా మొహం ఒకసారి చూసి, గాజు సామాను అని రాసుకుంది.

తొమ్మిదేళ్ళ పని ఇది. మా కాలేజీ జువాలజీ ల్యాబులో గుడ్లు పొదిగే పెట్టె ఒకటి ఉంది కానీ, కరెంటు పోయిందంటే అందులో ఉన్నవన్నీ చచ్చిపోతాయి. అందుకని నా నానమ్మ, నీ అమ్మమ్మ పెంచే పెట్టల్నే నమ్ముకున్నాను. పెరట్లో పొదగేసిన గుడ్లలోంచి రోజుకొకటి తీసుకెళ్ళి, పెంకు కోసి, లోపలి పిల్ల నాలుక తీసి, మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోశాను. వెండి రంగు పట్టిస్తే నరాలు నల్లగా తేలతాయి. ఏ రోజుకి నరం నాలుకలోకి ఎంత దూరం వచ్చిందో వరసగా చూసుకోవచ్చు. ప్రతి స్లైడు మీదా రోజు రాసి ఉంది.

ఇక అసలు సంగతి. పదకొండేళ్ళుగా నేను ఏడాది కాంట్రాక్టు మీద డిమాన్‌స్ట్రేటర్నే. వచ్చే జూన్‌లోగా తమ పేరుతో అచ్చయిన పరిశోధన పత్రం చూపించలేనివాళ్ళని కొనసాగించేది లేదని మా ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ గారు చెప్పేశారు. నా చేతిలో పని ఉందిగానీ కాగితం మీద పేరు లేదని ఆయనే అన్నారు, జాలిగానే అన్నారు. నువ్వు పుణెలో అదే నాలుకని జన్యువుల వైపు నుంచి చూస్తున్నావు. నీ బొమ్మల పక్కన నా స్లైడ్లు పెట్టుకో. నా పేరు రెండోదైనా, ఆఖరిదైనా ఫర్వాలేదు. కృతజ్ఞతల్లో మాత్రం పడెయ్యకు, అది ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

డబ్బా కడుతుంటే నానమ్మ పక్కనే కూర్చుని, "తొమ్మిదేళ్ళుగా నా కోళ్ళ ఉసురు పోసుకున్నావు, ఇప్పుడు ఆ బిందుని కూడా కలుపుకుంటన్నావా" అంది.

నీ
భవాని


పుణె
20 జూలై 2023

భవానీ,

డబ్బా క్షేమంగా చేరింది. ఒక్కటి కూడా పగల్లేదు. నీ చేతిపని చూసి మా ల్యాబులో వాళ్ళు మైక్రోస్కోపు వదల్లేదంటే నమ్ము. వెండి రంగు ఇంత శుభ్రంగా పట్టించేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. మేం వాడే వెలుగు చిమ్మే రంగులు రెండు నెలల్లో వెలిసిపోతాయి.

మేం చూస్తున్నది ఇదీ. మొదట్లో నాలుక అంటే ఒట్టి కండముద్ద, దానికి రుచీ పచీ ఏమీ తెలియదు. రుచిమొగ్గలు రావలసిన చోట పై పొరలో కొన్ని జన్యువులు మేలుకుంటాయి. వాటిల్లో ఒకటి, నరాన్ని రమ్మని పిలిచే ప్రోటీన్ తయారు చేయిస్తుంది. చెవి దగ్గర నరాల ముడి ఒకటి ఉంటుంది, అక్కడినుంచి బయలుదేరిన నరాలు ఆ జాడ పట్టుకుని నాలుక దాకా వస్తాయి. ఆ జన్యువు ఏ రోజు మేలుకుంటుందో, ఏ రోజు సద్దుమణుగుతుందో నా దగ్గర ఉంది. నరం ఏ రోజు వస్తుందో నీ స్లైడ్లు చెప్పాలి.

అక్కడే చిక్కు వచ్చింది. నీ నరాలు ప్రతిచోటా ఒక రోజు ఆలస్యంగా వస్తున్నాయి. నీ లెక్కన నరం వచ్చేసరికి నా జన్యువు పిలవడం మానేసి ఉంటుంది. అలాంటప్పుడు అది ఎవరు పిలిస్తే వచ్చినట్టు? కాళ్ళూ రెక్కలూ దాచి ఉంటే వాటిని చూసి పిల్ల వయసు పట్టుకునేదాన్ని. నువ్వు నాలుకలు ఒక్కటే ఉంచావు. ఇలాంటివి పక్కన పెట్టెయ్యమన్నారు మా సారు.

నువ్వు బెంగపడకు. నేను ఇంకోసారి చూస్తాను. అమ్మమ్మని అడిగానని చెప్పు.

బిందు


గవరపాలెం, అనకాపల్లి
6 ఆగస్టు 2023

వదినా,

నీ ఉత్తరం చదివాను. మెచ్చుకుంటూ మొదలుపెట్టి పక్కన పెట్టెయ్యమనే దాకా వచ్చావు. నీ మెప్పు వద్దుగానీ, తప్పు ఎక్కడుందో చెప్పు.

రోజులు రాయడంలో నేను పొరబడలేదు. గుడ్డు మీద ఎన్ని గీతలుంటే స్లైడు మీద అంతే రాశాను. ఆ గీతలు నానమ్మవి. చిన్నప్పుడు నువ్వూ చూశావు కదా, సాయంత్రం పెట్ట కింద గుడ్లు పెట్టగానే పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి ప్రతి గుడ్డు మీదా ఒక గీత గీస్తుంది. తర్వాత రోజూ సాయంత్రం ఇంకో గీత. డెబ్భై ఏళ్ళుగా ఆవిడ పెట్టలు పిల్లల్ని లేపుతూనే ఉన్నాయి, ఏనాడూ లెక్క తప్పలేదు.

నీ అనుమానం సంగతి చెబితే ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏటే, దానికి నా నెక్క మీద అనుమానమా? పొదగేసిన నాడే ఒకటి. కడుపున పడ్డ నాడు నెక్కలోకి రాదేటి?" అంది. నువ్వు పుట్టినప్పుడు పురుడు కూడా ఆవిడ అలాగే లెక్కపెట్టి పోసిందట. అప్పుడు లేని అనుమానం ఇప్పుడెందుకొచ్చిందని అడగమంది.

మా కాలేజీలో ఈ ఏడాది అప్పుడే రెండు నెలలు గడిచిపోయాయి. నా గురించి మీ సారుతో ఇంకోసారి మాట్లాడు. ఆలస్యం నరానిదే కావచ్చు, నా చేతిది మాత్రం కాదు.

భవాని


పుణె
2 నవంబరు 2023

భవానీ,

జవాబు ఆలస్యమైంది, పని ఒత్తిడి. స్లైడ్ల విషయంలో ఇంకా ఏమీ తేలలేదు, నువ్వు మరీ ఆశ పెట్టుకోకు.

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. అమ్మమ్మ మొదటి గీత ఎప్పుడూ పొదగేసిన సాయంత్రమే గీస్తుందా, ఒక్కోసారి మర్నాడు కూడా గీస్తుందా? నువ్వు గుడ్డు కోసేది ఉదయం ఎన్ని గంటలకి? మూడు వందల పన్నెండింటికీ ఇదే పద్ధతా, మధ్యలో ఎప్పుడైనా నువ్వు గీశావా? వీలైనంత వివరంగా రాయి.

ఇక్కడ చలి మొదలైంది. ఆరోగ్యం జాగ్రత్త.

బిందు


గవరపాలెం, అనకాపల్లి
20 నవంబరు 2023

వదినా,

ఊరికే తెలుసుకుందామని ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్ళని పోలీసుల్లో తప్ప చూడలేదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను. మొదటి గీత ఎప్పుడూ పొదగేసిన సాయంత్రమే. నేను గుడ్డు కోసేది మర్నాడు ఉదయం పదింటికి, మొదటి పీరియడ్ అయ్యాక. బొగ్గు నన్ను ముట్టుకోనివ్వదు నానమ్మ. ఉప్మాక తీర్థానికి వెళ్ళినప్పుడు కూడా సాయంత్రానికల్లా తిరిగి వచ్చి గీసింది.

ఇంత శ్రద్ధగా అడిగావంటే నా పని నీ మనసులో ఉందన్నమాట. అదే ధైర్యంతో దేవీప్రసాద్ గారికి పత్రం తయారవుతోందని చెప్పేశాను. తప్పు చేశానా? ఏ విషయమో రెండు ముక్కల్లో రాయి. రాకపోతే రాదని చెప్పెయ్యి, ఈలోగా ఇంకో దారి చూసుకుంటాను.

భవాని


పుణె
11 ఫిబ్రవరి 2024

భవానీ,

ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు. నీ స్లైడ్లు వాడుకోవడం కుదరలేదు. నేను చేయగలిగినంతా చేశాను. మా సారు ఒప్పుకోలేదు. కొత్తగా మేమే మొదట్నుంచీ చేసుకుంటున్నాం.

డబ్బా ఇక్కడే ఉండనీ. పోస్టులో పంపితే పగిలిపోతాయి. ఈసారి వచ్చినప్పుడు నేనే తెస్తాను.

పత్రం లేకపోతే నీ ఉద్యోగం నిలవదని నాకు తెలుసు. ఆ బాధ నాకు లేదనుకోకు. అచ్యుతాపురంలో మందుల కంపెనీలు నీలాంటి చెయ్యి తిరిగినవాళ్ళని ఊరికే వదులుకోవు. ఒక రకంగా ఇదే నీకు మంచిదేమో.

బిందు


గవరపాలెం, అనకాపల్లి
15 సెప్టెంబరు 2024

బిందుమాధవికి,

జూన్‌లో నన్ను తీసేశారు. పత్రం ఏదని దేవీప్రసాద్ గారు అందరి ముందూ అడిగారు. తయారవుతోందని నేనే చెప్పి ఉన్నాను కాబట్టి తల దించుకుని బయటికి వచ్చాను. నీ సలహా ప్రకారమే అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్లో చేరాను. పొద్దున్న ఆరున్నరకి కంపెనీ బస్సు. మాత్రలు గంటకి ఇన్నని నీళ్ళలో కరిగించి చూస్తుంటాను. ఇదే నాకు మంచిదని రాశావు కదా, ఎంత మంచిదో ఒకసారి వచ్చి చూసిపో.

పోయిన ఆదివారం నీ పత్రం చూశాను. మా పాత ల్యాబులో పనిచేసే శాంతికుమారి, నీ వదిన పేరు పడిందంటూ సంతోషంగా పంపింది. నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయాను. నాలుక కొసకి కుడిపక్కన సన్నటి వంకర గీత ఒకటి ఉంది చూడు. చదివినవాళ్ళు అదీ నరమే అనుకుని ఉంటారు. అది నా వెంట్రుక. ఆ రోజు పైన గాజుపలక మూసేటప్పుడు తల మీద ఫ్యాను తిరుగుతోంది, గాజు అతికించే బాల్సం జిగురులో పడిపోయింది. తీస్తే నాలుక చిరుగుతుందని వదిలేశాను. నా పుస్తకంలో ఆ స్లైడు నంబరు దగ్గర రాసుకున్నాను కూడా. నా పేరు వెయ్యడానికి మీ సారు ఒప్పుకోలేదుగానీ, నా వెంట్రుకకి అభ్యంతరం చెప్పలేదన్నమాట.

ఆ స్లైడు మీద నేను తొమ్మిది అని రాశాను. నువ్వు ఎనిమిది అని వేశావు. మిగతావి కూడా సరిచూశాను. ఉన్న పదకొండు బొమ్మల్లో ఏడు నావి, ప్రతి దాంట్లోనూ ఒక రోజు తగ్గింది. గుడ్లు మీ పుణె పెట్టెలో పొదిగించామని రాశావు. బొగ్గు గీత గురించి అన్ని ప్రశ్నలు ఎందుకు అడిగావో ఇప్పటికి అర్థమైంది.

నేను అడిగింది ఒక్క పేరు. అది ఇస్తే నీ పేరు చెరిగిపోయేదా? ఎందుకు చేశావో నాకు నువ్వే చెప్పాలి.

భవాని


పుణె
4 అక్టోబరు 2024

భవానీ,

నువ్వు ఇంత కఠినంగా రాస్తావని అనుకోలేదు. సరే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

నువ్వు ఆగస్టులో రాసిన ఉత్తరం చదవగానే నాకు వెలిగింది. అమ్మమ్మ పొదగేసిన రోజునే ఒకటి అంటుంది. ఇక్కడ మేం ఇరవై నాలుగు గంటలు నిండితేనే ఒకటి అంటాం. నీ స్లైడ్లన్నీ ఒక రోజు పెద్దవయిపోయాయి. అన్నింట్లోంచీ ఒకటి తీసేశాను. తీసేసరికి, జన్యువు గట్టిగా పిలుస్తున్న పూటే నరం వచ్చి చేరినట్టు కనిపించింది. ఆ రోజు నేను ఏడ్చాను భవానీ. మూడేళ్ళుగా వెతుకుతున్నది దొరికింది.

నిజం రాస్తే ఏమయ్యేదో ఆలోచించు. పిండం వయసు ఎలా తెలిసిందని అడిగితే, చదువురాని ముసలావిడ బొగ్గుతో గీసిందని, తర్వాత అందులోంచి నేను ఒకటి తీసేశానని రాయాలి. నవ్వుతారు. మా సారు ఆ కాగితం చింపేసేవారు. నీ పేరు పెడితే స్లైడ్లు ఎక్కడివని అడుగుతారు. అందుకే రెండూ వదిలేశాను. సారుకి అవి మన ల్యాబులో మళ్ళీ కొత్తగా చేసినవే అని చెప్పాను. ఒక రోజు తగ్గించిన సంగతి నాకూ, ఇప్పుడు నీకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం తెచ్చుకున్నా సరే. తొమ్మిదేళ్ళు నువ్వు ఆ గీతల పక్కనే కూర్చున్నావు. ఒక రోజు తేడా నీకు కనిపించలేదు. నేను పట్టుకోకపోతే ఆ డబ్బా ఇప్పటికీ మీ బీరువాలో గాజు సామానే.

జనవరి తొమ్మిదిన నా పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూ ఉంది. అది అయిపోనీ. తర్వాతి పత్రంలో కృతజ్ఞతల్లో నీ పేరు తప్పకుండా వేస్తాను. ఇంటి విషయం ఇంట్లోనే ఉండనిద్దాం. పాయకరావుపేట నుంచి అమ్మ కూడా నీతో మాట్లాడతానంది. చదివాక ఈ ఉత్తరం చించెయ్యి.

నీ
బిందు


గవరపాలెం, అనకాపల్లి
17 నవంబరు 2024

వదినా,

అత్త వచ్చింది. ఫోన్ చేస్తుందనుకున్నాను, మనిషే బస్సెక్కి వచ్చింది. నాకు స్వీట్లు, నానమ్మకి చీర తెచ్చింది. నీ పెళ్ళి సంబంధం ఈ ఉద్యోగం మీదే ఆగి ఉందని చెప్పి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నానమ్మ చీర వెనక్కి ఇచ్చేసి, "నా గీత తప్పని అదే అన్నాదా, ఆ గీత పట్టుకునే అది పైకొచ్చిందా? రెండూ ఎలా కుదురుతాయే?" అని అడిగింది. అత్త సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

నువ్వు అన్నదాంట్లో ఒకటి నిజం. తొమ్మిదేళ్ళు చూసినా నేను పట్టుకోలేకపోయాను. అది చదివినప్పుడు వచ్చినంత ఏడుపు ఉద్యోగం పోయినప్పుడు కూడా రాలేదు. నానమ్మ లెక్క కోడిపిల్లలకి సరిపోయింది కాబట్టి పుస్తకానికీ సరిపోతుందనుకున్నాను. చదువుకున్నదాన్ని, అడగవలసింది నేను. అడగలేదు. నువ్వు ఒక్క ఉత్తరంతో పట్టుకున్నావు, ఆ తెలివి నీదే. అందులో నాకు వాటా వద్దు.

అందుకే నీ పత్రం అచ్చేసిన పత్రికవాళ్ళకి అలాగే రాశాను. కోసింది, రంగు పట్టించింది గంగాభవాని. రోజులు లెక్కపెట్టింది మా నానమ్మ దేముడమ్మ. ఆ లెక్కలో ఒక రోజు ఎక్కువ ఉంది, ఆ తప్పు గుర్తించక స్లైడ్ల మీద ఎక్కించింది నేను. దాన్ని దిద్దింది బిందుమాధవి. ఈ నాలుగు వాక్యాలూ రాయడానికి మూడు ఆదివారాలు పట్టింది. నీ ఉత్తరం చించలేదు. దాని నకలూ, నా పుస్తకంలో పేజీలూ, డబ్బా పంపిన పోస్టు రసీదూ జత చేశాను.

మొన్న జవాబు వచ్చింది. స్లైడ్లు ఎక్కడివో, పిండం వయసు ఎలా తెలిసిందో రెండూ అబద్ధం రాశారు కాబట్టి, విచారణలో ఇది నిజమని తేలితే పత్రాన్ని వెనక్కి తీసేసుకుంటారట. పేర్లు మార్చి మళ్ళీ వెయ్యడం వాళ్ళ పద్ధతి కాదట. అంటే నా పేరు ఎక్కడా రాదు. ఆ స్లైడ్లు ఇక ఎవరూ తాకరు. నువ్వు పట్టుకున్న నిజం కూడా వాటితోపాటే పోతుంది, దాన్ని ఇంకెవరో ఇంకెప్పుడో మొదట్నుంచీ చెయ్యాలి. ఇలా అవుతుందని రాసే ముందే నాకు తెలుసు. శాంతికుమారి చెప్పింది. తెలిసే రాశాను.

నీ మీద పగ తీరిందని మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. బస్సులో కూర్చుంటే నీ మీద కోపమే వస్తుంది, దిగేసరికి నా మీద వస్తుంది. మనం ఇద్దరం కలిసి ఉంటే ఆ పత్రం నిలిచేది వదినా. నీ ఒక్కదానితో నిలవలేదు, నా ఒక్కదానితో అసలు పుట్టేది కాదు.

డిసెంబరు ఆఖరుకల్లా మీ సంస్థకి పత్రికవాళ్ళు రాస్తారు. నీ ఇంటర్వ్యూ జనవరి తొమ్మిదిన కాబట్టి ఆ సంగతి నీకు ముందే తెలియాలి. మీ సారుకి నువ్వే చెప్పుకుంటావో, వాళ్ళు చెప్పేదాకా ఆగుతావో నీ ఇష్టం. ఎవరో చూపిస్తే తెలుసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే నేనే రాస్తున్నాను.

గంగాభవాని